ముందు కెమెరా ఫైలు, ఆ తర్వాతే కంప్యూటర్

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ముహూర్తాలు మొదలయ్యేలోపు కొత్త సిస్టమ్ కొనాలనుకునే స్టూడియోల వాళ్ల నుంచి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకేలాంటివి పక్కన పెట్టి, ఎక్కువమందికి పనికొచ్చే వాటికి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మాది చిన్న స్టూడియో. తిరుచానూరు, శ్రీనివాసమంగాపురంలో జరిగే పెళ్లిళ్లు ఎక్కువగా తీస్తాము. రెండు కెమెరాలూ సోనీ ఏ7 ఫోర్, 4కెలో 25 ఫ్రేములు. మిక్సింగ్ ఎడియస్ సాఫ్ట్‌వేర్‌లో, హైలైట్స్ మాత్రం ప్రీమియర్‌లో. ఇప్పుడుండే సిస్టమ్ పదో తరం ఐ5, 16 జీబీ ర్యామ్. రెండు కెమెరాల క్లిప్పులు ఒకేసారి పెడితే ఆగి ఆగి నడస్తా ఉంది. షాపులో ఐ7-14700ఎఫ్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు వేసి కొటేషన్ ఇచ్చినారు. తీసుకోవచ్చునా?
– తిరుపతి, కొర్లగుంట

జవాబు: ఆ కొటేషన్‌కు ఇంకా అడ్వాన్సు ఇవ్వకండి. అందులోవి మంచి భాగాలే, కానీ మీ పనికి సరిపడవు. తేడా అంతా ‘ఎఫ్’ అనే ఒక్క అక్షరంలో, మీ కెమెరా రాసే ఫైలులో ఉంది.

మొదట ఎఫ్ సంగతి. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే అందులో సొంత గ్రాఫిక్స్ ఉండదు. ఆటలు ఆడేవాళ్లకు దాంతో పనిలేదు, కాస్త ధర తగ్గుతుంది, అందుకే షాపులవాళ్లు అదే ముందు చూపిస్తారు. ఎడియస్ మాత్రం హెచ్.264, హెచ్.265 పద్ధతుల్లో కుదించిన వీడియో ఫైళ్లను విప్పడానికి, తిరిగి ఎక్స్‌పోర్ట్ చేయడానికి ఆ గ్రాఫిక్స్‌లోని క్విక్ సింక్ అనే వీడియో ఇంజను మీద ఎక్కువగా ఆధారపడుతుంది. అది లేని ప్రాసెసర్‌లో ఎడియస్ నడుస్తుంది, కానీ భారం చాలావరకు కోర్ల మీద పడుతుంది. మీకు కావలసింది ఉత్త ఐ7-14700. బడ్జెట్ సరిపోకపోతే ఐ5-14500 చూడండి, 14400 వద్దు. 14400లో ఉండేది యూహెచ్‌డీ 730 అనే గ్రాఫిక్స్, వీడియో విప్పే ఇంజను ఒక్కటే. 14500లో యూహెచ్‌డీ 770 ఉంటుంది, ఇంజన్లు రెండు. రెండు కెమెరాలతో పనిచేసేవాళ్లకు ఆ రెండో ఇంజను విలువ తెలుస్తుంది.

ఇక ఫైలు. కొనేముందు పది నిమిషాలు దీనికి కేటాయించండి. మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మీ క్లిప్పు ఒకటి తెరిచి మూడు వరుసలు చూడండి. ఫార్మాట్ ఏవీసీయా, హెచ్ఈవీసీయా? క్రోమా సబ్‌శాంప్లింగ్ 4:2:0నా, 4:2:2నా? బిట్ డెప్త్ 8 ఆ, 10 ఆ? ఏవీసీ అంటే హెచ్.264, హెచ్ఈవీసీ అంటే హెచ్.265.

ఏవీసీ, 8 బిట్, 4:2:0 అని వస్తే దిగులు లేదు, ఈమధ్య వచ్చిన ఏ గ్రాఫిక్స్ అయినా నడుపుతుంది. హెచ్ఈవీసీ, 10 బిట్, 4:2:0 అయినా అంతే. హెచ్ఈవీసీ, 10 బిట్, 4:2:2 అయితే పదకొండో తరం నుంచి వచ్చిన ఇంటెల్ గ్రాఫిక్స్ విప్పగలదు, ఎన్విడియాలో 50 సిరీస్ విప్పగలదు. 30, 40 సిరీస్ కార్డులకు 4:2:2 అసలు చేతకాదు. మీ పాత పదో తరం ఐ5కూ చేతకాదు. అన్నిటికంటే మొండిది ఏవీసీ, 10 బిట్, 4:2:2. దీన్ని పద్నాలుగో తరం క్విక్ సింక్ కూడా ముట్టుకోదు.

ఏ7 ఫోర్‌లో 4కె 25 ఫ్రేములకు ఉండేది ఎక్స్ఏవీసీ ఎస్, అంటే హెచ్.264. అందులో 140ఎం (సెకనుకు 140 మెగాబిట్లు) అని ఎంచుకుంటే వచ్చేది సరిగ్గా ఆ మొండి ఫైలే. 100ఎం, 60ఎం అయితే 4:2:0, 8 బిట్. మన దగ్గర వాడే పాల్ సెట్టింగులో ఎక్స్ఏవీసీ హెచ్ఎస్, అంటే హెచ్.265, కావాలంటే 4కెలో 50 ఫ్రేములకు వెళ్లాలి, 25కు అది దొరకదు. మీ కెమెరా 140ఎంలో ఉంటే, ఆ కొటేషన్‌లోని 4060 కార్డు మీ క్లిప్పులు విప్పడంలో ఒక్క శాతం సాయం కూడా చేయదు. సిస్టమ్ కొత్తదే, నడక మాత్రం పాతదే అవుతుంది.

ఇంత బరువు ఎందుకంటే, ఈ ఫైళ్లలో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మగా ఉండదు. ఒక పూర్తి బొమ్మ, ఆ తర్వాత వచ్చేవన్నీ దాంతో పోల్చిన తేడాలు. తలంబ్రాల మధ్యలో ఒకచోట కర్సర్ పెడితే ఆ ఒక్క ఫ్రేము కోసం కంప్యూటర్ వెనకటి పూర్తి బొమ్మ దగ్గరికి పోయి అక్కణ్నుంచి లెక్క కట్టుకుంటూ రావాలి. పైన రాలే అక్షింతలు, కదిలే చేతులు, మెరిసే జరీ – ఫ్రేముకు ఫ్రేముకు తేడాలే తేడాలు. 4:2:0లో నాలుగు పిక్సెళ్లకు ఒక రంగు విలువ ఉంటే, 4:2:2లో రెండింటికి ఒకటి. 8 బిట్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లుంటే, 10 బిట్‌లో 1024. ఇదంతా సెకనుకు 25 సార్లు, రెండు కెమెరాలకూ.

కాబట్టి మా సలహా ఇది. మండపం ఎదురుగా స్టాండు మీద నిలబడే ట్రెడిషనల్ కెమెరాను మామూలు రంగుల ప్రొఫైల్‌లో, 100ఎంలో తీయండి. ఆ వీడియోకు మీరు పెద్దగా కలర్ కరెక్షన్ చేయరు, 8 బిట్ హాయిగా సరిపోతుంది. తర్వాత రంగులు దిద్దుకోవడానికి ఎస్-లాగ్ ప్రొఫైల్ పెట్టి తీసే క్యాండిడ్ కెమెరాకే 10 బిట్ ఉంచండి. ఎస్-లాగ్‌ను 8 బిట్‌లో తీస్తే రంగులు లాగేటప్పుడు ఆకాశంలో, గోడల మీద చారలు పడతాయి.

సిస్టమ్ ఇలా కట్టించండి: ఐ7-14700, డీడీఆర్5 ర్యామ్ తీసుకునే బీ760 బోర్డు, 16 జీబీ ర్యామ్ ముక్కలు రెండు. ఆర్‌టీఎక్స్ 5060, స్తోమత ఉంటే 5060 టీఐ 16 జీబీ. 2025లో వచ్చిన వెర్షన్ల నుంచి ప్రీమియర్ ఈ 50 సిరీస్ కార్డులతో రెండు రకాల 4:2:2 ఫైళ్లనూ విప్పుతోంది, మీ హైలైట్స్ పని అక్కడే తేలికవుతుంది. ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె) పేరున్న కంపెనీది 650 వాట్లు. ప్రాసెసర్ గరిష్ఠంగా 219 వాట్లు, 5060 టీఐ 180 వాట్లు తాగుతాయి, మిగతావన్నీ కలిపినా 500 లోపే. విండోస్‌కు 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, నడుస్తున్న పెళ్లికి విడిగా 2 టీబీ ఎన్‌వీఎంఈ. మెమరీ ధరలు 2025 చివరి నుంచి బాగా పెరిగాయి, అందుకని రెండు షాపుల కొటేషన్లు ఒకే రోజు తీసుకొని పోల్చండి, లేకపోతే లెక్క తప్పుతుంది.

అసెంబుల్ చేసేటప్పుడు పక్కన నిలబడి చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. ర్యామ్ ముక్కలు ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో, నాలుగో స్లాట్లలో పడాలి. బయాస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల్లో) ఎక్స్ఎంపీ ఆన్ చేయాలి, లేకపోతే ర్యామ్‌కు మీరు కొన్న వేగం రాదు. గ్రాఫిక్స్ కార్డు పెట్టగానే చాలా బోర్డులు లోపలి గ్రాఫిక్స్‌ను ఆపేస్తాయి. బయాస్‌లో ఇంటర్నల్ గ్రాఫిక్స్ లేదా ఐజీపీయూ మల్టీ మానిటర్ అని ఉంటుంది, దాన్ని ఎనేబుల్ చేయించి ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ కూడా వేయించండి. ఎడియస్‌లో 100ఎం క్లిప్పు నడుస్తుండగా టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ తెరిచి ఇంటెల్ జీపీయూ కింద ‘వీడియో డీకోడ్’ గీత లేస్తోందో లేదో చూడండి. గీత పడుకునే ఉంటే క్విక్ సింక్ పనిచేయనట్టే.

బయాస్ అప్‌డేట్ కూడా షాపులోనే చేయించుకోండి. 13, 14 తరాల ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని ఎక్కువ వోల్టేజీ వల్ల క్రమంగా దెబ్బతిన్నాయి. దానికి ఇంటెల్ 2024 ఆగస్టు, సెప్టెంబరుల్లో 0x129, 0x12బి అనే మైక్రోకోడ్‌లు (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్‌కు సవరణలు) ఇచ్చింది, డబ్బాలో వచ్చే ప్రాసెసర్లకు వారంటీ రెండేళ్లు పెంచింది. షాపులో చాలాకాలం ఉన్న బోర్డులో పాత బయాసే ఉండిపోతుంది.

140ఎం క్లిప్పులు ఎడియస్‌లో ఇంకా తడబడితే ప్రాక్సీ, అంటే ఎడిటింగ్ కోసం తేలికైన నకలు, చేసుకోండి. 1080లో ప్రోరెస్ ప్రాక్సీ గంటకు 17 జీబీ దాకా తీసుకుంటుంది. రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి తయారుగా ఉంటాయి.

ప్రశ్న: బెంగళూరు ఎస్పీ రోడ్డులో సెకండ్ హ్యాండ్ వర్క్‌స్టేషన్ ఉందంట. జియాన్ ఈ5-2680 వీ4 ప్రాసెసర్లు రెండు, మొత్తం 28 కోర్లు, 64 జీబీ ర్యామ్. కొత్త ఐ5 సిస్టమ్‌లో సగం ధరే చెప్తా ఉండారు. ఎడిటింగ్‌కు మంచిదేనా సార్?
– పలమనేరు

జవాబు: వద్దు. అది 2016 నాటి ప్రాసెసర్. 28 కోర్లున్నా ఒక్కో కోరు 3.3 గిగాహెర్ట్జ్ దాటదు. టైమ్‌లైన్ చకచకా కదలడానికి కావలసింది ఒక్కో కోరు వేగం. క్విక్ సింక్ లేదు. విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ ఒప్పుకున్న జాబితాలో ఈ ప్రాసెసర్ లేదు, విండోస్ 10కు సాధారణ సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఒక్కోటి 120 వాట్ల ప్రాసెసర్లు రెండు కాబట్టి కరెంటు బిల్లు కూడా కలుపుకోండి.

సెకండ్ హ్యాండే కావాలంటే పన్నెండో తరం ఐ5-12500 ఉన్న ఆఫీసు డెస్క్‌టాప్ వెతకండి, అందులో యూహెచ్‌డీ 770 ఉంటుంది. ఒక జాగ్రత్త: కంపెనీ డెస్క్‌టాప్‌లలో ఎస్‌ఎంపీఎస్ చిన్నది, చాలావాటిలో దాని కనెక్టర్ కూడా ఆ కంపెనీదే. తర్వాత గ్రాఫిక్స్ కార్డు పెడదామంటే బయటి ఎస్‌ఎంపీఎస్ అందులో పట్టదు.

బెంగళూరు ఎస్పీ రోడ్డుకైనా, చెన్నై రిచీ స్ట్రీట్‌కైనా వెళ్లి కొనడంలో తప్పులేదు. ప్రతి భాగం సీరియల్ నంబరూ బిల్లు మీద రాయించుకోండి. రేపు బోర్డు పోతే మళ్లీ అంతదూరం బస్సెక్కాల్సింది మీరే కాబట్టి, సర్వీసు ఎక్కడిస్తారో కొనే ముందే అడగండి.

ప్రశ్న: క్యాబినెట్‌ను తాకితే చిన్నగా షాక్ కొడతా ఉంది. ఎస్‌ఎంపీఎస్ మార్చినా పోలేదు. దానికితోడు కరెంటు పోయినప్పుడు ఇంటి ఇన్వర్టర్ మీదికి మారేలోపు సిస్టమ్ ఆఫ్ అయిపోతోంది. ఎంత యూపీఎస్ తీసుకోవాలి?
– చిత్తూరు

జవాబు: లోపం ఎస్‌ఎంపీఎస్‌లో లేదు, మీ గోడ సాకెట్‌లో ఉంది. ఎస్‌ఎంపీఎస్‌లో విద్యుత్ అలజడిని వడగట్టే చిన్న కెపాసిటర్లు ఫేజ్‌కూ బాడీకీ మధ్య ఒకటి, న్యూట్రల్‌కూ బాడీకీ మధ్య ఒకటి ఉంటాయి. వాటిగుండా వచ్చే కొద్దిపాటి కరెంటు ఎర్త్ తీగలోకి పోవాలి. ఎర్త్ లేకపోతే బాడీ మీద మెయిన్స్‌లో సగం, అంటే 115 వోల్టుల దగ్గర నిలబడుతుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జివ్వుమని ఊరుకుంటుంది. ఎస్‌ఎంపీఎస్ ఎన్ని మార్చినా అదే కథ.

ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మల్టీమీటర్‌తో సాకెట్ కొలిపించండి. ఫేజ్–న్యూట్రల్ 230 చూపిస్తే ఫేజ్–ఎర్త్ కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్–ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. మన జిల్లాలో రాతి నేల ఎక్కువ. ఎండాకాలంలో ఎర్త్ గుంట ఎండిపోతే తీగ ఉన్నా ఎర్త్ లేనట్టే. గుంటలో బొగ్గు, ఉప్పు వేయించి అప్పుడప్పుడూ నీళ్లు పోయండి. ఇది సరిచేసేదాకా కస్టమర్‌కు చూపించడానికి సిస్టమ్‌ను కేబుల్ టీవీ కనెక్షన్ ఉన్న టీవీకి హెచ్‌డీఎంఐతో కలపకండి. రెండిటి బాడీల మధ్య వోల్టేజీ తేడా ఉంటే ప్లగ్గు పెట్టే క్షణంలో పోర్టు కాలిపోతుంది, కొన్నిసార్లు గ్రాఫిక్స్ కార్డే పోతుంది.

ఇన్వర్టర్ విషయం. కరెంటు పోయాక కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్ తనలోని నిల్వతో నిలబడేది 16, 17 మిల్లీసెకన్లు. ఇన్వర్టర్ వెనక యూపీఎస్, నార్మల్ అనే స్విచ్చు ఉంటే యూపీఎస్ వైపు పెట్టి చూడండి, కొందరికి దాంతోనే సరిపోతుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే దాని మీద ఎడిటింగ్ సిస్టమ్ నడపకండి.

యూపీఎస్ డబ్బా మీద వీఏ కాదు, వాట్లు చూడండి. 600 వీఏ అంటే సాధారణంగా 360 వాట్లే, ఎక్స్‌పోర్ట్ మధ్యలో చేతులెత్తేస్తుంది. 1 కేవీఏ, 600 వాట్లది, ప్యూర్ సైన్ వేవ్ తీసుకోండి. యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్న మంచి ఎస్‌ఎంపీఎస్‌లు కొన్ని సిమ్యులేటెడ్ సైన్ వేవ్ మీద టక్కున ఆగిపోతాయి. యూపీఎస్ అనేది ప్రాజెక్టు సేవ్ చేసి మూసేయడానికి, మిక్సింగ్ పూర్తి చేయడానికి కాదు.

ప్రశ్న: ఒకే ప్రాజెక్టు రాత్రి ఎక్స్‌పోర్ట్ పెడితే గంటంబావు పడుతోంది, మధ్యాహ్నం పెడితే రెండు గంటలు. వైరస్ ఏమైనా ఉందా?
– పుత్తూరు

జవాబు: వైరస్ కాదు, వేడి. చాలా ఇంటెల్ ప్రాసెసర్లు 100 డిగ్రీలు తాకగానే తమ వేగం తామే తగ్గించుకుంటాయి. వేసవిలో మన గదుల్లోనే 38, 40 ఉంటే ఫ్యాను ఊదేది ఆ వేడిగాలినే. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో కోర్ టెంపరేచర్, పక్కన థర్మల్ థ్రాట్లింగ్ ‘యెస్’ అని ఉందేమో చూడండి.

ముందు క్యాబినెట్ ముందు జాలీ విప్పి దులపండి. ముందు రెండు ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి ఊదాలి. ముందుభాగం మొత్తం గాజు ఉన్న క్యాబినెట్లు చూడ్డానికి బాగుంటాయి, గాలి ఆడదు. ప్రాసెసర్‌తో వచ్చిన చిన్న ఫ్యాను తీసేసి నాలుగు హీట్ పైపుల టవర్ కూలర్ వేయించండి. ఐ7 అయితే బయాస్‌లో పవర్ లిమిట్‌లు పీఎల్1, పీఎల్2 రెండూ 125 వాట్లకు కట్టండి. రాత్రిపూట కొద్దిగా ఆలస్యమైనా, మధ్యాహ్నం ఎక్కడం దిగడం లేకుండా ఒకే వేగంతో నడుస్తుంది.

ప్రశ్న: గంగమ్మ జాతర వీడియోలు ఉన్న హార్డ్ డిస్కు ఉన్నట్టుండి తెరుచుకోలేదు. ఇకమీదట డేటా ఎక్కడ పెట్టుకోవాలి? ఎంత స్థలం కావాలి? ఎస్‌ఎస్‌డీ ఉంటే హార్డ్ డిస్కు అవసరం లేదా?
– చంద్రగిరి

జవాబు: జాతర మళ్లీ ఏడాదికి గానీ రాదు, ఆ వేషాలు మళ్లీ అవే రావు. మీ బాధ అర్థమవుతోంది. టిక్కు టిక్కుమని శబ్దం వస్తుంటే ఆ డిస్కును ఇక కంప్యూటర్‌కు తగిలించకండి, ప్రతి ప్రయత్నమూ ఇంకొంత గీస్తుంది. రికవరీ చేసేవాళ్లకు ముట్టని డిస్కు ఇస్తేనే ఆశ ఎక్కువ.

లెక్క వేద్దాం. 100ఎం అంటే సెకనుకు 12.5 ఎంబీ, గంటకు 45 జీబీ. 140ఎం అయితే 63. రెండు కెమెరాలు ఆరేసి గంటలు 100ఎంలో తీస్తే ఒక పెళ్లికి 540 జీబీ. పది పెళ్లిళ్లకు 5.4 టీబీ. కాబట్టి 8 టీబీ హార్డ్ డిస్కులు రెండు కొనండి, ఒకదానిలో ఉన్నదే రెండోదానిలోనూ ఉండాలి. రెండోది స్టూడియోలో కాదు, ఇంట్లో పెట్టండి. దొంగ వచ్చినా, నీళ్లు వచ్చినా రెండూ ఒకేసారి పోవు.

నడుస్తున్న పని ఎస్‌ఎస్‌డీలో. కాగితం మీద చూస్తే హార్డ్ డిస్కు సెకనుకు 150 ఎంబీ ఇస్తుంది, రెండు కెమెరాలకు కావలసింది 25 ఎంబీయే. కానీ దాని ముల్లు ఒక ఫైలు దగ్గర్నుంచి ఇంకో ఫైలు దగ్గరికి గెంతుతూ ఉండాలి, అక్కడే టైమ్‌లైన్ తడబడుతుంది. ఎస్‌ఎస్‌డీల్లో క్యూఎల్‌సీ రకం చౌక. మొదటి కొన్ని జీబీలు పరుగెత్తి, క్యాష్ నిండగానే హార్డ్ డిస్కు వేగానికి పడిపోతుంది. వందల జీబీ కార్డులు దించుకునేవాళ్లు టీఎల్‌సీ అడిగి తీసుకోండి.

కార్డు దించేటప్పుడు టెరాకాపీ అనే కాపీ సాఫ్ట్‌వేర్‌లో వెరిఫై టిక్కు పెట్టండి. రెండు చోట్లా కాపీ అయి, మొదటి క్లిప్పు, చివరి క్లిప్పు తెరిచి చూసేదాకా కార్డు ఫార్మాట్ చేయకండి. ఫార్మాట్ కూడా కెమెరాలోనే. పెన్‌డ్రైవ్ అప్పగించాక ఒరిజినల్స్ ఎన్ని నెలలు ఉంచుతారో ఆర్డరు ఫారం మీద ముందే రాసి సంతకం తీసుకోండి.

ప్రశ్న: ప్రీమియర్‌లో తెలుగు పేర్లు టైప్ చేస్తే వొత్తులు విడిపోతున్నాయి. అను ఫాంట్‌తో వేస్తే బాగుంటాయి, కానీ ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో ప్రాజెక్టు తెరిస్తే పిచ్చి అక్షరాలు వస్తున్నాయి. ఇది కూడా గ్రాఫిక్స్ కార్డు సమస్యేనా?
– శ్రీకాళహస్తి

జవాబు: కార్డుకూ దీనికీ సంబంధం లేదు. అను పాత పద్ధతి ఫాంటు. లోపల ఇంగ్లిషు కోడ్లే ఉంటాయి, వాటి మీద తెలుగు బొమ్మలు అతికించినట్టు. ఫాంటు లేకపోతే ఆ కోడ్లు బయటపడతాయి. యూనికోడ్‌కు మారండి. మండలి, రామభద్ర, సురన్న, పెద్దన, ధూర్జటి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. శుభలేఖ తీరులో పెద్ద టైటిల్‌కు రామభద్ర నిండుగా ఉంటుంది.

ప్రీమియర్‌లో ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్లి గ్రాఫిక్స్ తెరిచి, టెక్స్ట్ ఇంజన్‌ను సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్‌కు మార్చండి. ప్రీమియర్ మూసి మళ్లీ తెరిచి, టైటిల్ కొత్తగా టైప్ చేయండి, పాత టైటిళ్లు వాటంతటవి బాగుపడకపోవచ్చు. ఫోటోషాప్ పాత వెర్షన్లలో అయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద వరల్డ్ రెడీ లేఅవుట్. సరిగ్గా కుదిరిందో లేదో చూడ్డానికి ‘శ్రీలక్ష్మి’ అని కొట్టండి. క్ష కింద మ వొత్తు అతుక్కొని కూర్చుంటే మిగతా పేర్లన్నీ ధైర్యంగా టైప్ చేసుకోవచ్చు.